ఇటలీ కొండపల్లెల్లో సైకిల్ యాత్ర: బండ్ల రద్దీ లేని దారులు చెప్పండి

కీర్తి_నార్సింగి

అందరికీ నమస్కారం. ఈసారి దసరా సెలవులకు మా ఆయనా నేనూ ఇటలీలో సైకిల్ యాత్ర చేద్దామనుకుంటున్నాం. మా తమ్ముడు మ్యూనిక్‌లో ఉంటాడు. వాళ్లింట్లో రెండు టూరింగ్ సైకిళ్లున్నాయి కాబట్టి ఇక్కడి నుంచి మోసుకెళ్లే పని లేదు. ఆల్ప్స్ వద్దు, పెద్ద నగరాలూ వద్దు. గుట్టలు, ద్రాక్షతోటలు, చిన్న ఊళ్లు ఉంటే చాలు. వెనక నుంచి లారీ హారన్ వినపడకూడదు.

వారాంతాల్లో అనంతగిరి కొండల వైపు తొక్కుతుంటాం. వికారాబాద్ రోడ్డు మీద బస్సులు రాసుకుంటూ పోతుంటే వచ్చే టెన్షన్ మీకందరికీ తెలిసిందే. అంత దూరం వెళ్లి మళ్లీ అదే టెన్షన్ పడటం నాకిష్టం లేదు. రోజుకు యాభై కిలోమీటర్లు చాలు. సామాను సైకిల్ మీదే ఉంటుంది. ఇద్దరం శాకాహారులం. టస్కనీ, ఉంబ్రియా, మార్కె, లాంగె అని నాలుగు ప్రాంతాల పేర్లు రాసుకున్నాం. ఎటు వెళ్లాలో తేలడం లేదు.

మురళి_మ్యూనిక్

కీర్తి గారూ, ప్రాంతం పేరు చూసి ఎంచుకోకండి. ఆ నాలుగింట్లోనూ రద్దీ రోడ్లున్నాయి, గంటసేపు తొక్కినా బండి కనపడని రోడ్లూ ఉన్నాయి. రెండో రకాన్ని పట్టుకోవడం నేర్చుకుంటే ఎక్కడైనా హాయిగా తిరగొచ్చు.

మధ్య ఇటలీలో పాత ఊళ్లు చాలావరకు కొండల నెత్తినే ఉంటాయి. లోయలు ఒకప్పుడు చిత్తడి నేలలు, మలేరియా ఉండేది. అరెట్సో దిగువన ఉన్న వాల్ ది కియానా లోయను ఎండగట్టడానికి కొన్ని వందల ఏళ్లు పట్టింది. అందుకే పాత బాటలు కొండల వెన్ను వెంటే ఊరి నుంచి ఊరికి సాగుతాయి. రైలు మార్గాలు, హైవేలు, ఫ్యాక్టరీలు తర్వాతి కాలంలో లోయల్లోకి వచ్చాయి. వాటితోపాటే బండ్లూ కిందికి దిగాయి. పైన మిగిలిపోయిన రోడ్లు మనకు పనికొస్తాయి.

రెండో గుర్తు, కొత్త రోడ్డు పక్కనే బతికి ఉన్న పాత రోడ్డు. ఓర్తె నుంచి రవెన్నా వరకు ఇ45 అనే నాలుగు వరసల రోడ్డు ఉంది. పాత తిబెరీనా రోడ్డు చాలాచోట్ల దాని పక్కనే ఇంకా ఉంది. లారీలన్నీ ఇ45 మీద పోతాయి కాబట్టి పాత రోడ్డుకు ఆ చుట్టుపక్కల పల్లెల వాళ్లే వస్తారు. బొలోనియా–ఫ్లోరెన్స్ మధ్య కూడా ఇదే కథ. ఏ1 మోటార్‌వే వచ్చాక 903 మీటర్ల ఎత్తున్న ఫూతా కనుమ రోడ్డు ఖాళీ అయింది. అయితే ఆదివారాలు అక్కడికి మోటార్‌సైకిళ్ల గుంపులు వస్తాయి. ఆ రోడ్డు ఎక్కాలంటే వారం మధ్యలో ఎక్కండి.

కాబట్టి మ్యాప్ తెరిచినప్పుడు, బండ్లకు వేరే దారి దొరికిన రోడ్డు ఎక్కడుందో వెతకండి. నేను రూట్ గీసే ముందు ప్రతిసారీ చూసేది ఇదే.

బోర్డుల సంగతి కూడా చెప్తాను. ఆకుపచ్చ బోర్డులుంటే ఆటోస్ట్రాదా, అంటే మోటార్‌వే, దాని మీద సైకిల్‌కు ప్రవేశం లేదు. సూపర్‌స్ట్రాదాలు, అంటే బండ్లు వేగంగా పోయే నాలుగు వరసల రోడ్లు, వాటి బోర్డులు మాత్రం మామూలు రోడ్ల మాదిరిగా నీలం రంగులోనే ఉంటాయి, అక్కడే పొరపాటు జరుగుతుంది. సియెనా–ఫ్లోరెన్స్ నాలుగు వరసల రోడ్డు అలాంటిదే. దాని మీదికి సైకిల్ ఎక్కించకూడదు.

గ్రావెల్_గిరి

అక్కా, టస్కనీయే. ఆలోచించే పనే లేదు. గయోలె ఇన్ కియాంతి అనే ఊరి నుంచి ఎరోయికా అనే పాత సైకిళ్ల యాత్ర పేరిట శాశ్వత మార్గం ఉంది, సుమారు 209 కిలోమీటర్లు. దారంతా బోర్డులు పెట్టారు. ఏడాది పొడవునా ఎవరైనా తొక్కొచ్చు, ఎంట్రీ ఫీజు లేదు. గయోలె, బ్రోలియో కోట, సియెనా పొలిమేర, బువోన్‌కాన్‌వెంతో, మోంతల్చీనో, అషానో, రాద్దా మీదుగా తిరిగి గయోలె చేరుతుంది. చాలా భాగం తెల్ల మట్టి రోడ్లే. అక్కడ వాటిని స్ట్రాదె బియాంకె అంటారు.

ఆ రోడ్లకు తారు వేసేస్తారేమోనన్న భయంతో, వాటిని కాపాడుకోవాలని 1997లో పాత సైకిళ్లతో ఎరోయికా యాత్ర మొదలుపెట్టారు. ఇప్పటికీ 1987కు ముందు తయారైన సైకిళ్లతోనే అందులో పాల్గొనాలి. 2007 నుంచి ప్రొఫెషనల్ రేసు కూడా ఈ మట్టి రోడ్ల మీద జరుగుతోంది, సియెనాలోని పియాత్సా దెల్ కాంపోలో ముగుస్తుంది. బ్రోలియో కోట కింద సైప్రస్ చెట్ల మధ్య పొద్దున్నే తొక్కితే టైర్ కింద గులకరాళ్ల చప్పుడు తప్ప ఏమీ వినపడదు. మీరు వెతుకుతున్నది ఇదే అక్కా.

మురళి_మ్యూనిక్

గిరి, మార్గం గొప్పదే, కాదనను. కానీ సామానుతో ఉన్నవాళ్లకు ఆ 209 కిలోమీటర్లలో మూడున్నర వేల మీటర్ల పైచిలుకు ఎక్కడం ఉందన్న సంగతి కూడా చెప్పాలి కదా. అషానో దాటాక మోంతె సాంతె మారియె అనే ముక్క ఉంది. వదులు గులకరాళ్ల మీద నిటారుగా దిగి, మళ్లీ నిటారుగా ఎక్కాలి. సైకిల్ మీద బ్యాగులుంటే వెనక చక్రం జారుతుంది. వాన పడిందంటే సియెనా దగ్గరి క్రేతె సెనేసి గుట్టల బంకమట్టి చక్రానికీ మడ్‌గార్డుకూ మధ్య ఇరుక్కుపోయి సైకిల్ కదలదు. ఆ మట్టి ఎండితే దుమ్ము, తడిస్తే జిగురు.

విశాఖ_ఘాట్

మురళి గారి మాటకు లెక్క జోడిస్తాను. మన దగ్గర శృంగవరపుకోట నుంచి అనంతగిరి ఘాట్ ఎక్కేటప్పుడు వాలు పొడవుగా, ఇంచుమించు ఒకే తీరుగా ఉంటుంది. ఒక గేరులో కుదురుకుంటే పైదాకా పోవచ్చు. టస్కనీ, మార్కెల్లో అలా కుదరదు. అర కిలోమీటరు 12 శాతం వాలు, తర్వాత దిగడం, మళ్లీ 14 శాతం. రోజంతా ఇదే.

మనిషి, సైకిల్, సామాను కలిపి వంద కిలోలు అనుకోండి. ముందు 34, వెనక 34 పళ్ల గేరులో నిమిషానికి 60 సార్లు పెడల్ తిప్పితే గంటకు ఏడున్నర కిలోమీటర్ల వేగం వస్తుంది. 12 శాతం వాలు మీద ఆ వేగానికి 250 వాట్లకు పైనే కావాలి. మామూలు మనిషి రోజుకు ఇరవైసార్లు అంత శక్తి పెట్టలేడు. ముందు 26, వెనక 36 ఉంటే అదే తొక్కుడుకు 180 వాట్ల చుట్టుపక్కల సరిపోతుంది, మోకాళ్లు మిగులుతాయి. మీ తమ్ముడి సైకిళ్లకు ముందు ఎన్ని పళ్ల చక్రం ఉందో ఈ రోజే కనుక్కోండి. పెడల్ దగ్గర మూడు పళ్లచక్రాలున్న క్రాంక్ ఉంటే మీ అదృష్టం.

ఇంకొకటి, అక్కడ దూరాన్ని కిలోమీటర్లలో లెక్కపెట్టొద్దు. రోజుకు వెయ్యి మీటర్ల ఎక్కడం దాటకుండా చూసుకోండి. అది 35 కిలోమీటర్లకే పూర్తయితే ఆ రోజు ప్రయాణం అక్కడికి చాలు.

కీర్తి_నార్సింగి

లెక్క చూసి మా ఆయన వెంటనే తమ్ముడికి ఫోన్ చేశారు. ఒక సైకిల్‌కు ముందు మూడు పళ్లచక్రాలున్నాయట, రెండోదానికి లేవు. రెండోదాని వెనక చక్రానికుండే పళ్లచక్రాల గుత్తి (క్యాసెట్) మార్పిస్తామన్నాడు.

మట్టి రోడ్ల సంగతికొస్తే, కొంచెం తొక్కాలని ఉంది కానీ రోజంతా వద్దు. మార్కె, లాంగె గురించి ఎవరూ చెప్పలేదు?

బొలోనియా_వాణి

కీర్తీ, నేను చెప్తానమ్మా. చాలా ఏళ్లుగా ఇక్కడే ఉంటున్నాను, సెలవు దొరికితే సైకిల్ మీదే ఉంటాను.

మార్కెకు విదేశీ యాత్రికులు తక్కువగా వస్తారు, రోడ్లు నిజంగానే ఖాళీ. కానీ నేల తీరు ముందే తెలుసుకోవాలి. అపెన్నైన్ కొండల నుంచి నదులన్నీ దువ్వెన పళ్లలా ఒకదాని పక్కన ఒకటి ఏడ్రియాటిక్ సముద్రంలోకి దిగుతాయి. రెండు నదుల మధ్య ఒక్కో కొండవరస. తూర్పు నుంచి పడమరకు కొండ వెన్ను మీద తొక్కితే రెండు వైపులా లోయలు చూస్తూ సుఖంగా పోవచ్చు. ఉత్తరం నుంచి దక్షిణానికి పోతే ప్రతి కొండవరసనూ ఎక్కి దిగాల్సిందే, ఊళ్లోకి వెళ్లే చివరి ముక్క గోడలా లేస్తుంది. చాలామంది ఉర్బీనో నుంచి కిందికి గీత గీసుకుని బయల్దేరి, రెండో రోజే రైలెక్కుతారు.

లాంగె అందం గురించి చెప్పక్కర్లేదు. బారోలో, లా మోర్రా చుట్టూ ద్రాక్షతోటలు 2014లో యునెస్కో జాబితాలో చేరాయి. కానీ మీరొచ్చేది అక్టోబర్‌లో. అప్పుడు అక్కడి ఆల్బా ఊళ్లో తెల్ల ట్రఫుల్ (నేల కింద దొరికే పుట్టగొడుగు) సంత, ద్రాక్షకోతలు. శని, ఆదివారాలు కార్ల వరసలు తప్పవు. మీరడిగిన నిశ్శబ్దం ఆ నెలలో అక్కడ దొరకదు. అది మే నెల ప్రాంతం.

మీ కాలానికీ, మీ కాళ్లకూ, మీ తిండికీ సరిపోయేది దక్షిణ టస్కనీలో మొదలై ఉంబ్రియాలో ముగిసే దారి. సియెనా నుంచి స్పొలేతో దాకా.

ఫ్లోరెన్స్, సియెనాల మధ్య ఉన్న కియాంతి మీద నాకంత మోజు లేదు. కియాంతిజానా అనే రోడ్డు ఫ్లోరెన్స్ నుంచి గ్రేవె, కాస్తెల్లీనా మీదుగా సియెనాకు పోతుంది, అన్ని గైడ్ పుస్తకాల్లోనూ ఉంటుంది. శనివారం ఆ రోడ్డు మీద కిరాయి కార్లు, మోటార్‌సైకిళ్లు, ద్రాక్షసారా రుచి చూసి వచ్చే టూరిస్టులు. పైగా అక్టోబర్ మొదటి ఆదివారం గయోలెలో ఎరోయికా జరుగుతుంది, వేల మంది వస్తారు. ఆ వేడుక చూడాలని ఉంటే వెళ్లండి, లేకపోతే ఆ వారం దక్షిణంగా ఉండండి.

గ్రావెల్_గిరి

వాణి గారూ, కియాంతి అంటే కియాంతిజానా ఒక్కటే కాదు కదండీ. రాద్దా నుంచి వోల్పాయా వైపు పోతే ఎవరుంటారు? పక్క రోడ్లు బోలెడు.

బొలోనియా_వాణి

ఉన్నాయి గిరీ, నిజమే. వోల్పాయా వైపు నాకూ ఇష్టమే. కానీ వీళ్లకున్న సెలవు కొద్దిది, దాన్ని ఎక్కడ ఖర్చుపెట్టాలన్నదే ప్రశ్న. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడున్నర దాకా అయితే కియాంతిలో కూడా పెద్ద రోడ్లు ఖాళీ అవుతాయి. అందరూ భోజనాల దగ్గర ఉంటారు. అక్టోబర్‌లో ఎండ బాధ ఉండదు కాబట్టి, తప్పనిసరిగా పెద్ద రోడ్డు మీద తొక్కాల్సిన ముక్కలన్నీ ఆ వేళకు పెట్టుకోవచ్చు.

రాజమండ్రి_రవి

మధ్యాహ్నం దుకాణాలన్నీ మూసేస్తారని విన్నాను. నీళ్లు, తిండి ఎలా?

బొలోనియా_వాణి

పల్లెల్లో కిరాణా కొట్లు ఒంటిగంటకు మూసి నాలుగు దాటాక తెరుస్తారు. ఆదివారం మధ్యాహ్నం నుంచి చిన్న ఊళ్లలో ఏమీ దొరకదు. పదకొండింటికే కొట్లో రొట్టె, పెకోరీనో చీజ్, టమాటాలు కొనుక్కుని బ్యాగులో పెట్టుకోవాలి. టస్కనీ రొట్టెలో ఉప్పు వేయరు, మొదటిసారి తిన్నవాళ్లకు చప్పగా అనిపిస్తుంది. మనం తెచ్చుకున్న ఆవకాయ దానికి సరిగ్గా సరిపోతుంది. ఊరగాయ తేవచ్చు కానీ, నెయ్యి, పాలతో చేసినవి యూరప్ బయటి నుంచి తేకూడదు.

నీళ్లకు లోటు లేదు. చాలా ఊళ్ల కూడలిలో కుళాయి ఉంటుంది, శ్మశానాల గేటు దగ్గర కూడా ఉంటుంది. ‘నోన్ పొతాబిలె’ అని రాసి ఉంటే మాత్రం తాగొద్దు.

ఇక శాకాహారం. దక్షిణ టస్కనీలో పీచీ అనే లావు పాస్తా ఉంది. పిండి, నీళ్లతోనే చేస్తారు, మామూలుగా గుడ్డు ఉండదు. వెల్లుల్లి, టమాటా వేసిన ‘పీచీ అల్లాల్యోనె’ అడగండి. వెల్లుల్లి బాగా పడుతుంది, మన నోటికి నచ్చుతుంది. ఉంబ్రియాలో స్త్రాంగోత్సి పాస్తా, పప్పుల సూప్, తోర్తా అల్ తెస్తో అనే పెనం మీద కాల్చిన రొట్టె. ఆ రొట్టెలో ఆకుకూరతో కలిపి మాంసం సాసేజ్ పెట్టడం అలవాటు కాబట్టి ‘సెంత్సా కార్నె’ (మాంసం లేకుండా) అని ముందే చెప్పండి. కాస్తెల్లూచో మసూర్ పప్పు చాలా పేరున్నది, దాన్నీ సాసేజ్‌తో వడ్డిస్తారు, అడిగి తెప్పించుకోండి. పార్మెసాన్ చీజ్‌లో పాలు గడ్డకట్టడానికి దూడ కడుపు నుంచి తీసిన రెనెట్ వాడతారు. మీరు అంత నిష్ఠగా ఉండేవాళ్లయితే ఇదీ గుర్తుపెట్టుకోండి. కారం కావాలంటే ‘ఓల్యో పిక్కాంతె’ అడిగితే మిరపకాయ నూనె తెచ్చి బల్ల మీద పెడతారు.

కీర్తి_నార్సింగి

వాణి గారూ, ఎంత ఓపికగా చెప్పారండీ. రెనెట్ సంగతి మాకు తెలియదు, చాలా అవసరమైన మాట.

సియెనా–స్పొలేతో దారి రోజువారీగా ఎవరైనా చెప్పగలరా?

మురళి_మ్యూనిక్

నా దగ్గరున్న రూట్ రాస్తాను. దూరాలు సుమారుగా చెప్తున్నాను.

సియెనా స్టేషన్ నుంచి ఊరి బయటికి రావడం ఒక్కటే చికాకు. తావెర్నె దార్బియా దాటగానే అషానో వైపు ఎస్పీ 438, లావ్రెతానా రోడ్డు పట్టుకోండి (ఎస్పీ అంటే మన జిల్లా రోడ్డు లాంటిది). తారు రోడ్డే, కొండ వెన్ను మీదుగా పోతుంది. రెండు పక్కలా దున్నిన బంకమట్టి గుట్టలు. అక్టోబర్‌లో పచ్చదనం ఉండదు, నేలంతా బూడిద రంగు. చాలామంది వసంతంలో రమ్మంటారు, నాకు మాత్రం ఆ దున్నిన నేల ఎంత చూసినా తనివి తీరదు. అషానో దాకా 30 కిలోమీటర్ల లోపే. అక్కడ ఆగండి.

మర్నాడు ఎస్పీ 451 మీద మోంతె ఒలివేతో మజ్జోరె మఠం మీదుగా బువోన్‌కాన్‌వెంతోకు దిగాలి. మఠం ముందు సైప్రస్ అడవిలో నీడ ఉంటుంది. బువోన్‌కాన్‌వెంతో 150 మీటర్ల ఎత్తున ఉంటుంది, మోంతల్చీనో 560 మీటర్ల ఎత్తున. మధ్యలో 14 కిలోమీటర్లు. ఓపిక ఉంటే అదే రోజు ఎక్కండి, లేకపోతే కిందే పడుకుని పొద్దున ఎక్కండి. కాస్సియా రోడ్డు, అంటే ఎస్‌ఆర్ 2, ఇక్కడే తగులుతుంది. రోమ్‌కు పోయే పాత రాజమార్గం, బండ్లు వేగంగా పోతాయి. దాని మీద ఉండాల్సిన దూరాన్ని వీలైనంత కుదించండి.

తర్వాత వాల్ దోర్చా. సాన్ క్విరికో, బాన్యో విన్యోని, పియెంజా. ఈ లోయ మొత్తం 2004లో యునెస్కో జాబితాలో చేరింది. బాన్యో విన్యోని ఊరి నడిబొడ్డున మామూలుగా చౌరస్తా ఉండాల్సిన చోట వేడినీటి కొలను ఉంటుంది. అందులో దిగనివ్వరు కానీ, ఆ నీళ్లు కొండ అంచు మీదుగా కిందికి పారే కాలువల్లో కాళ్లు పెట్టుకోవచ్చు. ఎక్కి దిగిన కాళ్లకు అది ఎంత సుఖమో అక్కడ కూర్చుంటే తెలుస్తుంది.

పియెంజా నుంచి మోంతెపుల్చానోకు ఎస్పీ 146 సూటిగా పోతుంది, కానీ టూరిస్టు కార్లు, క్యాంపర్ వ్యాన్లు ఎక్కువ. మోంతికియెల్లో మీదుగా తిరిగి వెళ్లండి. కొంత మట్టి రోడ్డు వస్తుంది, సైప్రస్‌లు వంపులు తిరుగుతూ ఎక్కే రోడ్డూ అటే ఉంది. గిరి చెప్పిన తెల్ల మట్టి రుచి మీకు ఇక్కడ దొరుకుతుంది, బ్యాగులతో కూడా పోగలిగిన వాలులో.

అక్కణ్ణుంచి కియూసి వైపు దిగి, త్రాసిమేనో సరస్సు దక్షిణపు ఒడ్డు పట్టుకుంటే కాళ్లకు విశ్రాంతి. పెరూజాను తప్పించండి. చుట్టూ పారిశ్రామికవాడలు, సూపర్‌స్ట్రాదాలు. నేనైతే ఆ ముక్క రైల్లో దాటి అస్సీసి స్టేషన్‌లో దిగుతాను, దానికేమీ సిగ్గుపడక్కర్లేదు. అస్సీసి నుంచి స్పొలేతోకు కాలువల గట్ల వెంట 50 కిలోమీటర్ల సైకిల్ బాట ఉంది, పూర్తిగా చదును. బెవాన్యా దగ్గర బాట వదిలి మోంతెఫాల్కో ఎక్కండి, 470 మీటర్లు. ఆ ఊరి గోడ మీద నుంచి ఉంబ్రియా లోయ అంతా కనిపిస్తుంది. మళ్లీ దిగి బాట పట్టుకోవచ్చు.

విశాఖ_ఘాట్

సియెనా–అషానో–కియూసి మధ్య చిన్న డీజిల్ రైలు లైను ఉంది. సినాలుంగా, మోంతెపుల్చానో స్టేషన్లు దాని మీదే. వాన పట్టుకుంటే అది ఆసరా.

పూర్తిగా చదునుగా ఒక రోజు కావాలంటే అరెట్సో నుంచి కియూసి దాకా సెంతియేరో దెల్లా బొనీఫికా ఉంది, 62 కిలోమీటర్లు. మురళి గారు చెప్పిన ఆ చిత్తడి లోయను ఎండగట్టడానికి తవ్విన పెద్ద కాలువ గట్టు మీదే పోతుంది. రెండు కొసలా రైల్వే స్టేషన్లు.

రాజమండ్రి_రవి

స్పొలేతో దగ్గర పాత రైలు మార్గం ఒకటి సైకిల్ బాటగా మార్చారని ఎక్కడో చూశాను. అది ఎలా ఉంటుంది?

బొలోనియా_వాణి

రవీ, ఆ మాట ఎవరూ ఎత్తలేదేమా అని చూస్తున్నాను. నాకు ఈ దారంతటిలో అదే ప్రాణం.

స్పొలేతో–నోర్చా చిన్న గేజి రైలు 1926లో మొదలై 1968లో ఆగిపోయింది. 51 కిలోమీటర్లు, 19 సొరంగాలు, 24 వంతెనలు. స్విట్జర్లాండ్ ఇంజనీర్ ఎర్విన్ థోమన్ గీసిన లైను అది. కొండ ఎక్కడానికి పట్టాలు తమ చుట్టూ తామే తిరిగేలా వేశాడు. రైలు కోసం వేసింది కాబట్టి ఎంత నిటారు చోట కూడా వాలు నాలుగున్నర శాతం దాటదు. ఘాట్ గారి లెక్క ప్రకారం సగం శక్తి చాలు. ఇన్నాళ్లు 14 శాతం ఎక్కిన మోకాళ్లకు ఇది బహుమానం.

స్పొలేతో నుంచి ఎక్కుతూ పోతే కాప్రరెచ్చా సొరంగం వస్తుంది, దాదాపు రెండు కిలోమీటర్ల పొడవు. లోపల కటిక చీకటి, చలి, పైనుంచి నీటి చుక్కలు. మంచి హెడ్‌లైట్, జాకెట్ లేకుండా వెళ్లొద్దు. అటు వైపు బయటపడితే నేరా నది లోయలోకి వంతెన మీద వంతెనగా దిగుతూ సాంత్ ఆనాతోలియా ది నార్కో చేరతారు. బండి అన్న మాటే లేదు. గులకమట్టి బాట, 35 మిల్లీమీటర్ల టైర్లు ఉంటే సరి.

2016 భూకంపం ఈ లోయనూ నోర్చానూ బాగా దెబ్బతీసింది. అక్టోబర్ 30న వచ్చినదానికి నోర్చాలో చర్చి కూలిపోయి ముందు గోడ మాత్రం నిలబడింది. బాట కూడా చోట్ల చోట్ల తెగింది. కాబట్టి ఎంతవరకు తెరిచి ఉందో స్పొలేతోలో టూరిస్ట్ ఆఫీసులో అడిగి బయల్దేరండి. ఆ ఊళ్లలో ఒక పూట తిని, ఒక రాత్రి ఉండి రండి. అక్కడి వాళ్లు నిలదొక్కుకోవడానికి వచ్చిపోయేవాళ్లు కావాలి.

తిరిగి రావడానికి మురళి గారి సూత్రం అక్కరకొస్తుంది. స్పొలేతోకు, వాల్‌నెరీనాకు (అదే, నేరా లోయకు) మధ్య కార్ల కోసం పొడవైన సొరంగం తవ్వారు. దాంతో చెర్రో కనుమ మీది పాత రోడ్డు ఖాళీ అయిపోయింది.

రాజమండ్రి_రవి

కుక్కల సంగతి? మన పల్లెల్లో సైకిల్ వెనక పడినట్టు పడతాయా?

విశాఖ_ఘాట్

తోటల ప్రాంతంలో చాలావరకు కట్టేసి ఉంటాయి, లేదా గేటు లోపల ఉంటాయి. జాగ్రత్త పడాల్సింది గొర్రెల మందల దగ్గర. సిబిల్లీని కొండలు, అబ్రుత్సో వైపు తెల్లటి మరెమ్మా కాపలా కుక్కలు మందతో ఉంటాయి. అవి మనల్ని తరమాలని రావు, మందకూ మనకూ మధ్య నిలబడతాయి. సైకిల్ దిగి, సైకిల్‌ను మీకూ కుక్కకూ మధ్య పెట్టుకుని, మందకు దూరంగా నెమ్మదిగా నడవండి. కర్ర ఎత్తొద్దు, పరుగెత్తొద్దు.

బొలోనియా_వాణి

అక్టోబర్‌లో ఇంకో సంగతి. సెప్టెంబర్ మూడో ఆదివారం నుంచి జనవరి చివరి దాకా వేట సీజన్. అడవి పందుల కోసం తుపాకులతో కొండల్లోకి వస్తారు. మంగళ, శుక్రవారాల్లో మాత్రం దేశమంతటా వేట నిషేధం. అడవి మధ్య మట్టి బాటలు ఆ రెండు రోజులకు పెట్టుకోండి. మిగతా రోజుల్లో తారు రోడ్డు మీద ఉండండి, మెరిసే రంగు బట్టలు వేసుకోండి.

ఊరి బయట చీకటి పడ్డాక, సొరంగాల్లో ఎప్పుడైనా సరే, రిఫ్లెక్టివ్ జాకెట్ చట్టప్రకారం తప్పనిసరి. ఊరి బయట ఇద్దరూ పక్కపక్కన తొక్కకూడదు, ఒకరి వెనక ఒకరు పోవాలి. 2024 డిసెంబర్ నుంచి కొత్త సవరణ కూడా వచ్చింది. సైకిల్‌ను దాటే బండి, రోడ్డు వీలిచ్చిన చోట కనీసం ఒకటిన్నర మీటర్ల ఎడం ఇవ్వాలి. పల్లె రోడ్ల మీద చాలామంది ఆగి మరీ దాటుతారు.

కీర్తి_నార్సింగి

ఇదంతా చదివి మా ఆయనా నేనూ కూర్చుని మ్యాప్ గీసుకున్నాం. సియెనా, అషానో, బువోన్‌కాన్‌వెంతో, మోంతల్చీనో, పియెంజా, మోంతెపుల్చానో, కియూసి. అక్కణ్ణుంచి రైల్లో అస్సీసి. తర్వాత బెవాన్యా, మోంతెఫాల్కో, స్పొలేతో, చివర్లో పాత రైలు బాట. త్రాసిమేనో వదిలేశాం, ఆ రోజు రైలు బాటకు కలిపాం. ఏ రోజూ వెయ్యి మీటర్లు దాటకుండా చూసుకున్నాం. మోంతల్చీనోలో ఒక రోజు ఖాళీగా ఉంచాం. వాన వస్తే పనికొస్తుంది, రాకపోతే కిందున్న సాంత్ ఆంతిమో మఠం దాకా సామాను లేకుండా వెళ్లొస్తాం.

రెండే ప్రశ్నలు మిగిలాయి. రైళ్లలో సైకిల్‌కు ఏం చేయాలి? వీసా జర్మనీకా, ఇటలీకా?

విశాఖ_ఘాట్

ఎక్కువ రోజులు ఏ దేశంలో ఉంటారో ఆ దేశానికే షెంగెన్ వీసా అప్లై చేయాలి. మీ లెక్కలో అది ఇటలీ. బస బుకింగులు కూడా దానికి సరిపోయేలా చూపించాలి.

మురళి_మ్యూనిక్

ఇటలీలో ప్రాంతీయ రైళ్లలో టైంటేబుల్ మీద సైకిల్ బొమ్మ ఉంటే సైకిల్ ఎక్కించొచ్చు. త్రెనితాలియా అనే రైల్వే సంస్థలో ఆ రోజంతటికీ చెల్లే సైకిల్ టికెట్ మూడున్నర యూరోలు. బ్యాగులు విప్పి చేతిలో పట్టుకుని, సైకిల్ బొమ్మ ఉన్న బోగీ ఎదురుగా నిలబడండి, మెట్లు ఎత్తుగా ఉంటాయి. వేగంగా పోయే ఫ్రెచ్చా రైళ్లలో సైకిల్‌ను విప్పి సంచిలో పెడితేనే రానిస్తారు, సంచి కొలతకూ పరిమితి ఉంటుంది. టూరింగ్ సైకిల్‌కు ఆ తలనొప్పి వద్దు, ప్రాంతీయ రైళ్లలోనే రండి. ఫ్లోరెన్స్ నుంచి సియెనాకు ఎంపోలి మీదుగా తరచుగా ఉన్నాయి. స్పొలేతో రోమ్–అంకోనా లైను మీద ఉంది కాబట్టి చివర్లో రోమ్‌కు సూటిగా రావచ్చు.

మ్యూనిక్ నుంచి బ్రెన్నర్ కనుమ మీదుగా వచ్చే రైళ్లలో సైకిల్ స్థలాలు కొన్నే ఉంటాయి, రిజర్వేషన్ తప్పనిసరి. మనుషుల టికెట్ల కంటే ముందే అవి అయిపోతాయి. వీసా వచ్చిన రోజే మీ తమ్ముడితో ఆ రెండు సైకిళ్లకూ సీటు వేయించండి, సియెనా బస తర్వాత చూసుకోవచ్చు.